ఆటలో కొనుక్కునే చర్మం

వీడియో ఆటల మీద సంపాదకీయమేమిటని మన పెద్దల్లో కొందరు అడగవచ్చు. మన సంఘాల్లో ఈ విషయం ఎప్పుడు వచ్చినా "ఫోన్లు లాక్కోండి" అన్న మాటతోనే ముగుస్తోంది. కానీ హోసూరులోనైనా, బరంపురంలోనైనా, సోలాపూర్‌లోనైనా యవనస్థుల కూటం ముగిశాక పిల్లలు మాట్లాడుకునేది సినిమాల గురించీ ఆటల గురించే. ఆ కబుర్లలో నల్లవారి మీద, పేదల మీద, పోలీసుల మీద అభిప్రాయాలు తేలిగ్గా దొర్లిపోతుంటాయి. కొన్ని వింటే ముచ్చటేస్తుంది, కొన్ని వింటే సిగ్గేస్తుంది. ప్రసంగాల కంటే అవే వారి మనసుల్లో ఎక్కువకాలం నిలుస్తున్నాయని మా అనుమానం.

నిషేధాల సంగతి చూశాం. కేంద్రం 2020 సెప్టెంబరులో పబ్‌జీని, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను ఆపేసింది. ఒకటి కొత్త పేరుతో తిరిగొచ్చింది, రెండోదానికి అన్నలాంటి ఆట అప్పటికే ఫోన్లలో ఉంది. పైగా అప్పుడు చెప్పిన కారణం దేశభద్రత. ఆ ఆటలు పిల్లలకు మనుషుల గురించి ఏం నేర్పుతున్నాయన్నది ఎవరూ అడగలేదు.

ఒక పాత ఆటనే తీసుకుందాం. 2004లో వచ్చిన 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్' మన కుర్రాళ్లలో చాలామందికి తెలుసు. నాయకుడు కార్ల్ జాన్సన్, అందరి నోటా సీజే. కాలం 1992, లాస్ ఏంజెలెస్‌ను పోలిన ఊరు, నల్లవారి పేట, దాన్ని పీడించే లంచగొండి పోలీసు అధికారి. చివర్లో ఆ అధికారి శిక్ష లేకుండా బయటపడగానే ఊరు భగ్గుమంటుంది. తల్లిని పోగొట్టుకుని ఇంటికొచ్చిన నల్లజాతి యువకుణ్ణి మన పిల్లలు "మనోడు" అనుకుని గంటల తరబడి అతని వెంట నడిచారు. అది చిన్న విషయం కాదు. ఏ ఆదివారపు బడీ వారికి అంత దగ్గరగా నల్లవారి ఇల్లు చూపించలేదు.

అయితే ఆటలో లేనిదేమిటో కూడా వారికి చెప్పాలి. 1991 మార్చి 3న లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని చితకబాదారు. ఎదురింటి బాల్కనీ నుంచి ఒకాయన దాన్ని వీడియో తీశాడు. లోకమంతా చూసింది. అయినా 1992 ఏప్రిల్ 29న జ్యూరీ ఆ నలుగురు పోలీసుల్లో ఎవరినీ దోషిగా తేల్చలేదు. తర్వాతి అల్లర్లలో అరవై మందికి పైగా చనిపోయారు. ఇంకొకటి కూడా ఉంది. కింగ్‌ను కొట్టిన రెండు వారాలకే, అదే నగరంలో, ఒక నారింజ రసం సీసా దగ్గర మొదలైన గొడవలో పదిహేనేళ్ల నల్లజాతి అమ్మాయిని కొరియా నుంచి వచ్చిన దుకాణదారు వెనకనుంచి కాల్చి చంపింది. ఆమెకు జైలుశిక్ష పడలేదు. అల్లర్లలో కొరియా వాళ్ల దుకాణాలు వందలకొద్దీ తగలబడ్డాయి. బతకడానికి వచ్చిన ఒక జనమూ, బతకనివ్వని మరో జనమూ ఒకే వీధిలో ఎదురెదురు నిలిచారు. ఆ వీధిని అలా తయారుచేసిన వాళ్లు దూరంగా, మంచి పేటల్లో ఉన్నారు. ఆటలో తుపాకీ ఉంది, కారు ఉంది, కోపం ఉంది. ఆ సీసా లేదు.

ఇప్పటి ఆటల్లో ఇంకో తమాషా ఉంది. వేషాన్ని 'స్కిన్' అంటారు, అంటే చర్మం. డబ్బులిస్తే కొత్తది వస్తుంది. ఇవ్వలేని పిల్లవాడు ఆట ఊరికే ఇచ్చినదానితోనే దిగాలి. 2017లో వచ్చిన ఫోర్ట్‌నైట్ పుణ్యమా అని 'డిఫాల్ట్' అన్నది బళ్లలో తిట్టుగా మారింది. నువ్వు ఏమీ కొనలేనివాడివి అని దానర్థం. మన దగ్గర దీనికి ముందే ఫోను దగ్గర ఒక వడపోత ఉంది. చవక ఫోనులో నడిచే ఆట ఆడేవాణ్ణి ఖరీదైన ఫోనువాడు ఎగతాళి చేస్తాడు. బంగారు ఉంగరంవాడికి మంచి చోటు చూపించి, మురికిబట్టలవాణ్ణి కాళ్లదగ్గర కూర్చోమనే సభ గురించి యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో రాశాడు. ఆ సభ ఇప్పుడు మన పిల్లల హెడ్‌ఫోన్లలో నడుస్తోంది. అందులో కులం పేర్లు తిట్లుగా వినబడుతున్నాయి. నల్లగా ఉన్న స్నేహితుణ్ణి "నీగ్రో" అని పిలవడం సరదా. అలా పిలిచేవాడే సీజే అభిమాని!

పిల్లల్నే అనడం న్యాయం కాదు. 'పుష్ప'లో కూలివాడి పాత్రకు నాయకుడి ఒంటికి నలుపు పులిమితే మనం మెచ్చుకున్నాం. నల్లగా పుట్టినవాణ్ణే ఆ పాత్రకు తీసుకోవచ్చు కదా అని మనలో ఎందరు అడిగారు?

'కేజీఎఫ్' విషయంలో మాకు మరింత బాధ, ఎందుకంటే ఆ గని మనది కూడా. 2018 సినిమాలో గని అంటే బానిసల గుంపు, వారిని విడిపించడానికి బయటినుంచి దిగిన ఒక్క మొనగాడు. అసలు కోలార్ గనుల్లోకి ఉత్తర ఆర్కాటు నుంచి, చిత్తూరు వైపు నుంచి దిగినవాళ్లు తమిళం, తెలుగు మాట్లాడే పేద జనం, ఎక్కువమంది దళితులు. మూడు కిలోమీటర్లకు మించిన లోతు, ఊపిరితిత్తుల్లో రాతిధూళి. 1902లోనే గనికి శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. 1930లో కంపెనీ వేలిముద్రలు తీసుకుంటానంటే కార్మికులు పని ఆపేశారు, ఏ మొనగాడి కోసమూ ఎదురుచూడలేదు. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. సైనైడ్ మట్టిదిబ్బలు అక్కడే ఉన్నాయి. ఆ కుటుంబాల్లోని వారు ఇప్పుడు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనులకు పోతున్నారు. ఈ కథలో ఆటకు కావలసినంత సరుకుంది, తీసేవాళ్లే లేరు.

అందుకే యవనస్థుల నాయకులకు మా మనవి. ఒక సాయంత్రం ఫోన్లు లాక్కోకుండా, వాళ్లు ఆడే ఆటనే ముందుపెట్టి మాట్లాడించండి. ఇందులో ఎవరు లేరు, ఎవరికి మాట లేదు అని అడగండి. గనుల్లో, రైల్వేలో, నగరపాలికల పారిశుధ్యంలో పనిచేసిన తాతలు, అమ్మమ్మలు మన సంఘాల్లో ఇంకా కొందరు ఉన్నారు. పిల్లలు అవే ఫోన్లలో వారి మాటలు రికార్డు చేసి పంపితే, వారి సమ్మతితో, ఈ పత్రికలో వేస్తాం. తెలుగు రాయడం రాకపోయినా ఫరవాలేదు, మాట పంపండి. రాసుకునే పని మాది.