ప్రఖ్యాతి వేరు, ప్రభావం వేరు

యువకులు నలుగురు చేరిన చోట పాశ్చాత్య రాక్ సంగీతం ప్రస్తావనకు వచ్చిందంటే వాదం తప్పదు. బీటిల్స్ బృందాన్ని మించినవారు పుట్టలేదని ఒకరంటారు. ఎల్విస్ ప్రెస్లీ లేనిదే రాక్ ఎక్కడిదని మరొకరు ప్రశ్నిస్తారు. గిటారు చేతపట్టినవాడు జిమి హెండ్రిక్స్ పేరు తప్ప మరొక పేరు విననొల్లడు. కవిత్వాభిమాని బాబ్ డిలాన్ పక్షం వహిస్తాడు. గంటలు గడుస్తాయి, కప్పులలో చాయ్ చల్లారుతుంది, ఎవరూ ఎవరినీ ఒప్పించకుండానే సభ ముగుస్తుంది. ఇది పనికిమాలిన కాలక్షేపమని పెద్దలు పెదవి విరవవచ్చు. మేము అలా భావించడం లేదు. ఒక కళలో అత్యంత ప్రభావశీలి ఎవరని అడగడమంటే, ఎవరు ఎవరికి ఋణపడి ఉన్నారని అడగడమే. ఋణం లెక్క తేల్చడం వినోదానికి సంబంధించిన విషయం కాదు; న్యాయానికి సంబంధించిన విషయం. అందుచేత ఈ వాదంలో మా పక్షమేదో విన్నవించుకోదలచాము.

ఇటువంటి చర్చలు తెగకపోవడానికి ముఖ్య కారణం మూడు వేర్వేరు గుణాలను ఒకే తక్కెడలో తూచడం. ప్రఖ్యాతి ఒకటి, ప్రతిభ ఒకటి, ప్రభావం ఒకటి. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ అమెరికా టెలివిజన్‌లో ఎడ్ సల్లివాన్ కార్యక్రమంలో పాడినప్పుడు సుమారు 7 కోట్ల 30 లక్షల మంది వీక్షించారు. అది ప్రఖ్యాతి. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే న్యూయార్క్ బృందం 1967లో వెలువరించిన తొలి ఆల్బమ్ అమ్మకాలు అత్యల్పం. అయినా తరువాతి తరంలో ఎందరో సంగీతకారులు తమకు దారి చూపినది అదేనని చెప్పుకున్నారు. అది ప్రభావం. లక్షల ప్రతులు అమ్ముడై, ఒక్క శిష్యుడినైనా మిగల్చకుండా కనుమరుగైనవారు ఏ దేశంలోనైనా కొల్లలు. కావున మేము మూడు ప్రశ్నలనే గీటురాళ్ళుగా పెట్టుకున్నాము. తరువాతివారు ఆ కళాకారుని నుండి నేర్చినదేమిటి? ఎందరు నేర్చారు? ఆ విద్య వారికి మరొకచోట దొరికేదా?

మొదట ప్రెస్లీ సంగతి. 1954 జూలైలో మెంఫిస్ నగరంలో ఆయన రికార్డు చేసిన ‘దట్స్ ఆల్ రైట్’ చరిత్రకెక్కింది. అయితే ఆ పాట ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి బ్లూస్ గాయకునిది. 1956లో దేశాన్ని ఊపివేసిన ‘హౌండ్ డాగ్’ను అంతకు మూడేళ్ళ ముందే బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని జనంలోకి తెచ్చింది. ప్రెస్లీ కంఠమాధుర్యాన్ని గాని, రంగస్థలంపై ఆయన ఆకర్షణను గాని మేము కాదనడం లేదు. వర్ణవివక్ష గోడలు కట్టిన సమాజంలో ఒక సంగీతం గోడ దాటి వినిపించడానికి ఆయన ద్వారమైనాడు. తాను పాడుతున్న తీరులోనే నల్లజాతివారు ఏనాటినుండో పాడుతున్నారని 1956లో ఆయన స్వయంగా చెప్పాడు. అది ఆయన నిజాయితీ. కాని ద్వారం వేరు, ఇల్లు వేరు. ఇల్లు కట్టినవారిలో ఒకడైన క్రుడప్ తనకు న్యాయంగా రావలసిన పైకంలో అధికభాగం అందకుండానే 1974లో కన్నుమూశాడు.

ఇక బీటిల్స్. వారి పక్షాన ఉన్న వాదం బలమైనది. బృందం తన పాటలు తానే రచించుకొని, తానే బాణీ కట్టి, తానే వాయించి పాడాలన్న ఆచారం వారి వలననే సార్వత్రికమైంది. 1966లో కచేరీలు మానుకొని, రికార్డింగు గదినే ఒక వాద్యంగా మలచుకొని 1967లో వారు వెలువరించిన ‘సార్జంట్ పెప్పర్స్’ తరువాత, ఆల్బమ్ అంటే విడిపాటల మూట అన్న భావన మారిపోయింది. 1965లో ‘నార్వేజియన్ వుడ్’ పాటలో సితార్ మోగించిన జార్జ్ హారిసన్ ఆ తరువాత పండిట్ రవిశంకర్ వద్ద శిష్యరికం చేశాడు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం ఏర్పాటైన కచేరీలో రవిశంకర్‌తో పాటు సరోద్‌పై ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్, తబలాపై ఉస్తాద్ అల్లారఖా వాయించిన తరువాతనే రాక్ గాయకులు వేదిక ఎక్కారు. మన దేశంపై వారి ప్రభావానికి వేరే సాక్ష్యం కావాలంటే 1965 నాటి హిందీ చిత్రం ‘జాన్వర్’ చాలు. అందులో మహమ్మద్ రఫీ, ఆశా భోస్లే పాడిన ఒక యుగళగీతం బీటిల్స్ బాణీకి నేరుగా నకలు.

ఇంతటి ఘనత ఉన్నా ప్రథమస్థానం వారికి ఇవ్వడానికి మేము సంకోచిస్తున్నాము. కారణం మా మూడవ ప్రశ్న. బీటిల్స్ విద్య నేర్చింది ఎక్కడ? 1963లో వారి రెండవ ఆల్బమ్‌లో ఉన్న ‘రోల్ ఓవర్ బీథోవెన్’ వారిది కాదు. 1964లో వారు పాడిన ‘రాక్ అండ్ రోల్ మ్యూజిక్’ కూడా వారిది కాదు. ఆ రెండూ 1926లో సెయింట్ లూయిస్ నగరంలో జన్మించిన చక్ బెర్రీవి.

మేము సమర్థించదలచిన పేరు అదే. 1955లో చికాగోలోని చెస్ సంస్థ ‘మేబెలీన్’ అనే ఆయన తొలి రికార్డును విడుదల చేసింది. అప్పటివరకు వెనుక వరుసలో తాళానికి తోడుగా ఉన్న గిటారును ఆయన ముందుకు తెచ్చి, కంఠానికి సమానంగా మాట్లాడించాడు. పాట ఆరంభంలోనే శ్రోతను పట్టి నిలబెట్టే గిటారు స్వరవరుసను ఒక ఆచారంగా స్థిరపరచాడు. బడి గంట ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూసే పిల్లలు, కారుపై మోజుపడే కుర్రవాళ్ళు, ఊరు విడిచి పేరు తెచ్చుకోవాలని కలలుగనే పేదబాలుడు ఆయన పాటలలో పాత్రలైనారు. రచన, స్వరం, వాద్యం, గానం ఒకే వ్యక్తిలో కలిసిన ఆ నమూనాయే తరువాతి రాక్ కళాకారునికి నిర్వచనమైంది.

సాక్ష్యాలు చూడండి. రోలింగ్ స్టోన్స్ బృందం 1963లో వెలువరించిన మొట్టమొదటి రికార్డు బెర్రీ రాసిన పాటయే. అదే ఏడాది బీచ్ బాయ్స్ ‘సర్ఫిన్ యు.ఎస్.ఎ.’కు వాడుకున్న బాణీ బెర్రీదే; ఆయన పేరు ఆ పాటకు చేరడానికి తరువాత కొంతకాలం పట్టింది. 1965లో డిలాన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టినప్పుడు పాడిన ఒక ప్రసిద్ధ గీతానికి బెర్రీ పాట నడకే ఆధారమని డిలాన్ తానే ఒప్పుకున్నాడు. 1969లో బీటిల్స్ పాడిన ‘కమ్ టుగెదర్’లో బెర్రీ పాట ఛాయలున్నాయని ప్రచురణకర్త కోర్టుకెక్కగా, జరిగిన రాజీని అనుసరించి జాన్ లెనన్ 1975లో ఆ మూలగీతాన్ని తానే పాడి రికార్డు చేశాడు. 1977లో వాయేజర్ వ్యోమనౌకలతో అనంతాకాశానికి పంపిన బంగారు రికార్డులో మానవజాతి సంగీతానికి మచ్చుగా చేర్చిన వాటిలో కేసర్‌బాయి కేర్కర్ భైరవితో పాటు బెర్రీ ‘జానీ బి. గూడ్’ కూడా ఉన్నది.

ప్రతిపక్షం వారు హెండ్రిక్స్ మాటేమిటి, డిలాన్ మాటేమిటి అని అడగవచ్చు. 1970లో ఇరవై ఏడేళ్ళ వయసులో మరణించిన హెండ్రిక్స్ గిటారు ధ్వనినే మార్చివేశాడు. డిలాన్ పాటకు సాహిత్య గౌరవం తెచ్చాడు. 2016లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. బర్మింగ్‌హామ్ కర్మాగారంలో వ్రేళ్ళ కొసలు కోల్పోయి, ప్లాస్టిక్ తొడుగులతో తంతులు మీటిన టోనీ అయోమీ, ఆయన బ్లాక్ సబ్బత్ బృందం 1970లో ఒక కొత్త శాఖకే ఊపిరి పోశారు. వీరందరూ మహావృక్షానికి పెద్ద కొమ్మలు. మేము అడుగుతున్నది మాను ఎవరని.

అయితే ఇక్కడ ఆగితే మేమూ సగం న్యాయమే చేసినవారమవుతాము. బెర్రీకి వేళ్ళు లేవా? 1952 డిసెంబరు 31 రాత్రి ఆయనను తన బృందంలోకి పిలిచినవాడు జానీ జాన్సన్ అనే పియానో విద్వాంసుడు. ఎన్నో పాటల రూపకల్పనలో తనకూ భాగమున్నదని జాన్సన్ 2000 సంవత్సరంలో దావా వేశాడు. కాలం మించిపోయిందన్న కారణంతో 2002లో కోర్టు దానిని కొట్టివేసింది. విచిత్రమేమంటే ఆ అన్యాయపు రుచి బెర్రీ తానే ఎరుగును. ‘మేబెలీన్’ రచయితల జాబితాలో ఆ పాటతో ఏ సంబంధమూ లేని ఇద్దరి పేర్లు చేర్చబడి, 1986 వరకు తొలగలేదు. ‘జానీ బి. గూడ్’ ఆరంభ స్వరాలు సైతం 1946లో లూయి జోర్డన్ బృందపు గిటారిస్టు కార్ల్ హోగన్ వాయించిన వాటిని పోలి ఉంటాయి. వ్యక్తిగా కూడా బెర్రీ నిష్కళంకుడు కాడు. ఒక బాలికకు సంబంధించిన నేరంపై 1962, 63లలో చెరసాల అనుభవించాడు. మేము ఆయన కళాప్రభావాన్ని తూచుతున్నామే గాని, నడవడికి యోగ్యతాపత్రం ఇవ్వడం లేదు.

ఇంకా వెనుకకు వెళితే సిస్టర్ రొసెటా థార్ప్ కనిపిస్తుంది. 1915లో అర్కాన్సాస్ రాష్ట్రంలో పుట్టి, చర్చి భక్తిగీతాలను ఎలక్ట్రిక్ గిటారుపై ఉర్రూతలూగించిన నల్లజాతి మహిళ ఆమె. బెర్రీ తొలి రికార్డుకు పదకొండేళ్ళ ముందే, 1944లో, ఆమె చేసిన రికార్డులో రాక్ లక్షణాలన్నీ వినిపిస్తాయి. బాలుడుగా ఉన్న లిటిల్ రిచర్డ్‌ను వేదికపైకి పిలిచి పాడించింది ఆమెయే. 1973లో మరణించిన ఆమె సమాధిపై ఏళ్ళ తరబడి పేరు చెక్కిన రాయి కూడా లేదు. అమెరికాలోని రాక్ అండ్ రోల్ గౌరవమందిరం 1986లో తొలి జట్టును సన్మానించినప్పుడు బెర్రీ, ప్రెస్లీ అందులో ఉన్నారు. రొసెటా థార్ప్ వంతు రావడానికి 2018 దాకా పట్టింది. స్త్రీ కావడం, నల్లజాతిది కావడం, భక్తిగీతాలు పాడేది కావడం, ఈ మూడూ ఆమెను జాబితా వెలుపల నిలబెట్టాయని మా అభిప్రాయం.

కావున మా తీర్పు ఇది. ఒకే ఒక్క పేరు చెప్పవలసి వస్తే చక్ బెర్రీ పేరు చెబుతాము. కాని ఆ పేరు చెప్పిన నోటితోనే రొసెటా థార్ప్‌ను, జానీ జాన్సన్‌ను స్మరించనివాడు ఈ చర్చలో పాల్గొనడానికి అర్హుడు కాడని కూడా చెబుతాము.

సముద్రాల అవతలి సంగీతం గురించి మనకింత పట్టింపు దేనికని అనవచ్చు. మన రెండు భాషలూ ఈ విషయంలో ప్రపంచానికి పాఠం చెప్పగలవు. గజల్ చివరి షేర్‌లో, అంటే మఖ్తాలో, కవి తన తఖల్లుస్‌ను పొదుగుతాడు. త్యాగయ్య తన కీర్తనలో, క్షేత్రయ్య తన పదంలో ముద్ర వేస్తాడు. శతకకారుడు మకుటం నిలుపుతాడు. పాట నోటి నుండి నోటికి వెళ్ళినా కర్త పేరు జారిపోకుండా పూర్వులు కుట్టిన కుట్టు అది. ఉస్తాద్ పేరు ఉచ్చరిస్తూ చెవి తాకే హిందుస్తానీ విద్వాంసుని సంస్కారమూ అటువంటిదే. ఇంతటి వారసత్వం గల మనం మన వార్షికోత్సవ వేదికలపై చేస్తున్నదేమిటి? గాయకుని పేరు ప్రకటిస్తాము, చప్పట్లు కొడతాము. గజల్ రాసిన షాయర్ ఎవరో, గేయం రాసిన కవి ఎవరో, బాణీ కట్టినది ఎవరో సభకు తెలియదు. సమయం చాలదని మఖ్తాను విడిచి పాడడం కూడా కద్దు. క్రుడప్‌కు జరిగినదానిని తలచి జాలిపడే మనం ఇంట్లోనే ఆ పని చేస్తున్నాము.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే. ఇకమీదట మన వేదికపై ఉర్దూలో గాని, తెలుగులో గాని, ఆంగ్లంలో గాని ఏ పాట పాడినా, ముందుగా రచయిత పేరు, స్వరకర్త పేరు ప్రకటించాలని నియమం చేయండి. కర్త తెలియని జానపదమైతే ఏ సీమదో, ఏ పనివారిదో చెప్పించండి. దీనికి పైసా ఖర్చు లేదు. పాటకు అరనిమిషం పడుతుంది. విద్యార్థి మిత్రులకు కూడా మాటొకటి. వాదించుకోండి, తప్పులేదు. అభిమాన గాయకుని పేరు చెప్పిన వెంటనే ఆయన గురువు పేరు కూడా చెప్పగలిగేంత చదివి వాదించుకోండి. ఆ గురువు పేరు వెదకబోయినవానికి రొసెటా థార్ప్ వంటివారు మరెందరో ఎదురవుతారు. వారికి చేరవలసిన చప్పట్లు ఇంకా మన చేతులలోనే ఉన్నాయి.