ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "అబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేర్" అన్న మాటకున్న బరువు మనకు తెలియంది కాదు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వరి డబ్బు, రైస్ మిల్లుల డబ్బు కొడుకుల ఇంజనీరింగ్ చదువులకు ఎంత పోయిందో, కూతుళ్ల కట్నాలకూ అంతే పోయింది. ఆంధ్ర ఐటీ కార్మికుల వలసను పరిశీలించిన శియాంగ్ బియావ్ 2007లో వచ్చిన తన పుస్తకంలో, ఈ వలస వెనక కట్నం డబ్బు ఎలా పనిచేస్తుందో చూపించాడు. కట్నం కళ్లకు కనబడుతుంది. పెళ్లయ్యాక ఆ అమ్మాయి అక్కడ చేసే చాకిరీ మాత్రం ఎవరి లెక్కలోనూ కనబడదు.

ఆడపిల్ల తల్లిదండ్రులు జీతమెంత, గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుంది అని అడుగుతారు. మా అమ్మాయి ఏ వీసా మీద వెళ్తుంది, ఆమెకు ఉద్యోగం చేసే హక్కు ఉంటుందా అని అడిగేవాళ్లు తక్కువ. ఆ అమ్మాయి కూడా చాలాసార్లు బి.టెక్.,  ఎం.సి.ఏ. చదివిన మనిషే.

హెచ్-1బి వీసా 1990 నాటి అమెరికా చట్టంతో వచ్చింది. దాని మీద పనిచేసే వ్యక్తి భార్యకో భర్తకో ఇచ్చేది హెచ్-4. దానితో అక్కడ ఉండొచ్చు, చదువుకోవచ్చు, కాని జీతానికి పని చెయ్యకూడదు. 2015 మే 26 నుంచి కొందరికి పని అనుమతి దొరుకుతోంది. అది కూడా భర్త గ్రీన్‌కార్డు కోసం అతని కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వస్తేనో, గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తున్నందువల్ల అతని వీసా ఆరేళ్లు దాటి పొడిగింపు పొందితేనో మాత్రమే. ఈ అనుమతి చెల్లదంటూ వేసిన దావాను వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు 2024 ఆగస్టులో తోసిపుచ్చింది. అనుమతి నిలిచింది, సంతోషమే. కాని ఆమె పని చెయ్యాలా వద్దా అనేది ఆమె చదువును బట్టి తేలడం లేదు. భర్త యజమాని సంతకాన్ని బట్టి తేలుతోంది. ఈలోపు గడిచే సంవత్సరాలు ఆమె చదువును పాతబరుస్తాయి.

చట్టం ఆమెను "డిపెండెంట్" అంటుంది. నిజంగా ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారు? హైదరాబాదు టీముతో రాత్రిపూట ఫోన్లు మాట్లాడి పొద్దెక్కి లేచే మనిషికి వేళకు అన్నం పెట్టేది ఆమె. ప్రాజెక్టు మారి కొత్త ఊరు పోవాలంటే సామాను కట్టేది, పిల్లల బడి మార్చేది ఆమె. బస్సులు లేని ఊళ్లో పిల్లల్ని దింపేది, తెచ్చేది ఆమె. పురుడొస్తే తల్లి కొన్నాళ్లు, అత్త కొన్నాళ్లు సూర్యాపేట నుంచి వెళ్లి చాకిరీ చేసి వస్తారు. కంపెనీ ఒక్క జీతమిచ్చి ఇంతమంది ఆడవాళ్ల శ్రమ తీసుకుంటోంది. సామాజిక శాస్త్రవేత్త హానా పాపనెక్ 1973లోనే దీన్ని "ఇద్దరు మనుషుల వృత్తి" అంది. ఉద్యోగం ఒకరి పేరు మీద ఉంటుంది, పని ఇద్దరూ చేస్తారు.

ఇక్కడ మాత్రం తేడా ఏముంది అంటారేమో. నిజమే. 2019 నాటి కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపనిలో పాల్గొనే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు ఇస్తుంటే, పాల్గొనే మగవాళ్లు ఇచ్చేది 97. ఒక ప్రమాద పరిహారం కేసులో 2021 జనవరిలో సుప్రీంకోర్టు, ముఖ్యంగా జస్టిస్ ఎన్.వి. రమణ, ఈ అంకెల్నే ప్రస్తావించి గృహిణి శ్రమకు ఆర్థిక విలువ ఉందని చెప్పారు. కాని ఇక్కడ గొడవ పడితే పుట్టింటికి బస్సెక్కి రావచ్చు, పక్కింటావిడతో చెప్పుకోవచ్చు, చిన్న బడిలోనైనా టీచరుగా చేరొచ్చు. అక్కడ ఈ దారులన్నిటినీ వీసా మూసేస్తుంది. ఇంట్లో ఉన్న పితృస్వామ్యానికి ప్రభుత్వ ముద్ర పడుతుంది.

తిరగేసి చూద్దాం. పల్లవి బెనర్జీ 2022లో ప్రచురించిన "ది ఆపర్చునిటీ ట్రాప్"లో ఐటీ ఉద్యోగుల భార్యలతో పాటు, నర్సులుగా వెళ్లిన ఆడవాళ్ల మీద ఆధారపడి వెళ్లిన భర్తల గురించీ రాసింది. మగవాడు డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చుంటే మన సమాజం "అయ్యో పాపం" అంటుంది. అదే వీసా మీద ఆడపిల్ల కూర్చుంటే "అదృష్టవంతురాలు" అంటుంది. వీసా ఒక్కటే, జాలి మాత్రం ఒకరికే.

మగవాడి కష్టం కష్టం కాదని నేననడం లేదు. ఉద్యోగం పోతే అతనికి మిగిలే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ భయం ఇంట్లో అందరిదీ. భార్యాభర్తలు ఒకరికొకరు తోడుండటంలో తప్పేమీ లేదు. ఆ తోడు ఎప్పుడూ ఒకవైపు నుంచే ఎందుకు రావాలన్నదే నా ప్రశ్న. అతని ఉద్యోగం కుదుటపడ్డాక ఆమె చదువుకో, ఉద్యోగానికో అతను ఊరు మారతాడా? వంట చేస్తాడా?

ఈ నేలకు ఈ అనుభవం కొత్త కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు అన్నాలు మోశారు, ఉత్తరాలు మోశారు, తుపాకులూ పట్టారు. పోరాటం ఆగాక చాలామందికి వంటిల్లే గతయింది. చేసినదంతా "సహాయం" కింద జమ అయింది. ఆ మాటను మనం మళ్లీ వాడొద్దు.

కార్యకర్తలుగా మనం చెయ్యగల పనులు కొన్ని ఉన్నాయి. పెళ్లికి ముందే వీసా ఏమిటో, ఐ-140 ఏ దశలో ఉందో అడగమని తల్లిదండ్రులకు చెప్పాలి. పాస్‌పోర్టు, వీసా, సర్టిఫికెట్ల నకళ్లు పుట్టింట్లో ఒక జత ఉంచాలి. ఆమె పేరున బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు ఉండాలని పట్టుబట్టాలి. కట్నానికి కూడబెట్టిన డబ్బు ఆమె పైచదువుకు పెట్టవచ్చని గట్టిగా వాదించాలి. భర్త హింసకు గురైన హెచ్-4 స్త్రీ విడిగా పని అనుమతికి దరఖాస్తు చేసుకునే వీలు 2005 నాటి అమెరికా చట్టంలో ఉంది, 2017 నుంచి అమల్లోకి వచ్చింది. అది అక్కడి వకీలు సలహాతో చెయ్యవలసిన పని. జాతీయ మహిళా కమిషన్‌లో ప్రవాస వివాహాల ఫిర్యాదుల కోసం 2009 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. ఈ రెండు సంగతులూ పెళ్లికూతురికి ముందే తెలియాలి, దెబ్బ తిన్నాక కాదు.

ఇంకొక చిన్న పని కూడా ఉంది. అమెరికా కూతురి గురించి ఎవరైనా అడిగితే "అల్లుడు జాబ్ చేస్తడు, అమ్మాయి ఖాళీగనే ఉంటది" అనడం మన ఊళ్లలో మామూలు. ఆ మాట విన్నప్పుడల్లా ఆ తల్లిని కూచోబెట్టి, కూతురు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తుందో వరసగా చెప్పించండి. సగం చెప్పేసరికే ఆమెకు అర్థమవుతుంది.