ఇస్త్రీ పెట్టెను కాటా మీద పెట్టకండి

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒటుమ్వా అనే ఊరుంది. ఆ ఊరి ఇల్లాలు మేరీ ఫ్లారెన్స్ పాట్స్ ఇస్త్రీ పెట్టెకు పేటెంటు తెచ్చుకున్నది 1871లో. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. అంతకుముందు అక్కడి ఆడవాళ్లు వాడినవి ఒకే ముద్దగా పోసిన ఇనుప దిమ్మలు. పొయ్యి మీద పెడితే అడుగుతో పాటు పిడి కూడా కాలిపోయేది. మందపాటి గుడ్డ చుట్టుకుంటే తప్ప పట్టుకోలేరు. మేరీ పాట్స్ పిడిని చెక్కతో చేయించి, ఊడదీసి మళ్లీ తగిలించే కీలు పెట్టింది. వేడి పైకి ఎక్కకుండా పెట్టె లోపల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపమంది. రెండు కొనలనూ మొనదేల్చింది. దాంతో ముందుకు తోసినా వెనక్కి లాగినా బట్ట ముడత పడేది కాదు. ఒక పిడి, మూడు పెట్టెలు, ఒక స్టాండు కలిపి సెట్టుగా అమ్మేవారు. ఒకటి చేతిలో ఉంటే మిగతా రెండూ పొయ్యి మీద కాగుతుండేవి. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతాబ్ది ప్రదర్శనలోనూ దాన్ని జనం చూశారు.

ఇంత కథ ఉన్న పెట్టె, పైగా నూట యాభై ఏళ్ల నాటి నమూనా. లక్షలు పలకాలి కదా? పలకదు. అమెరికాలో పాత సామాన్ల సంతకు వెళ్తే మామూలు పాట్స్ పెట్టె ఇరవై, ముప్పై డాలర్లకే దొరుకుతుంది. ఫిలడెల్ఫియాలోని ఎంటర్‌ప్రైజ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీతో పాటు ఇంకా చాలామంది దశాబ్దాల తరబడి వాటిని గుట్టలు గుట్టలుగా పోతపోశారు. ఇనుము గనుక అవి అంత త్వరగా నశించవు. వాడకం పోయాక కూడా అటకల మీద అలాగే ఉండిపోయాయి. ఇంకో తిరకాసు ఏమిటంటే, పెట్టె మీద పోసిన తేదీ పేటెంటు వచ్చిన తేదీయే కానీ పెట్టె తయారైన తేదీ కాదు. ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత పోసిన పెట్టె మీదా అదే తేదీ ఉండొచ్చు.

వయసును బట్టి వెల కట్టేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ పక్కనున్న వెస్ట్ బ్రామ్‌విచ్‌లో కెన్రిక్, సిడన్స్ కంపెనీలు పోసిన పెట్టెల మీద 4, 5, 6 అని అంకెలుంటాయి. అవి సైజు గుర్తులు. వాటిని చూసి ఏవేవో సంవత్సరాలు లెక్కగట్టే అమ్మకందారులు ఏ దేశంలోనైనా ఉంటారు.

మరి సేకర్తలు దేనికి డబ్బు పెడతారు? ఏ పనికి చేసిందో చూస్తారు, ఎన్ని మిగిలాయో చూస్తారు. విక్టోరియా రాణి కాలపు దుస్తులకు మెడ దగ్గర, మణికట్టు దగ్గర కుచ్చులుండేవి. ఉతికి గంజి పెడితే అవి అట్ట కట్టేవి. వాటిని మళ్లీ ఒంపులు తిప్పడానికి వేరే పనిముట్టు కావాలి. స్టాండు మీద వేలంత బోలు గొట్టం ఒకటి అడ్డంగా ఉంటుంది. అందులో ఎర్రగా కాల్చిన కడ్డీ దూర్చి, తడి కుచ్చును గొట్టం చుట్టూ తిప్పేవారు. ఇంకోదాంట్లో కింద గాడుల పలక, పైన గాడులున్న వంపు దిమ్మ ఉంటాయి. మధ్యలో బట్ట పెట్టి దిమ్మను ఉయ్యాల ఊపినట్టు ఊపితే సన్నని మడతలు వరసగా పడేవి. ఇల్లినాయ్‌లోని జెనీవా ఊరి పేరుతో ఇలాంటి పరికరం 1866లో పేటెంటు పొంది బాగా అమ్ముడుపోయింది. టోపీ అంచులకు ఒకటి, చొక్కా చేతులకు మరొకటి, పిల్లలు ఆడుకోవడానికి హంస ఆకారంలో బుల్లి పెట్టెలు. ఇలా పని చిన్నదయ్యేకొద్దీ పరికరాలు తక్కువ తయారయ్యాయి, ఈరోజు ధర అంత పెరిగింది. 1852లో టాలియఫెర్రో, కమింగ్స్ పేటెంటు పొందిన బొగ్గుల పెట్టెకు పొగ గొట్టం ఉంటుంది, గాలి మూత మీద మనిషి ముఖం పోసి ఉంటుంది. ఇస్త్రీ పనికి ఆ ముఖంతో పావలా ప్రయోజనం లేకపోయినా ఇప్పుడు గిరాకీ దానికే.

ఈ పిచ్చి ఉన్నవాళ్లు పుస్తకాలు కూడా రాసుకున్నారు. అందులో బాగా పేరున్నది 1990లలో వచ్చిన ఒక సచిత్ర గ్రంథం. దాని రచయిత పేరు డేవిడ్ ఐరన్స్. ఇంటిపేరే అలా కుదిరాక ఆయన ఇంకేం సేకరిస్తాడు!

వెల తేల్చేటప్పుడు తర్వాత చూసేది అంగవైకల్యం. కొన్ని పెట్టెల్లో నిప్పులు వేయరు. విడిగా కాల్చిన ఇనుప దిమ్మను వెనక తలుపు తీసి లోపలికి తోస్తారు. మసి, బూడిద బట్టకు అంటవు. ఇప్పుడు అలాంటి పెట్టె దొరుకుతుంది కానీ దిమ్మ దొరకదు. అదేమిటో తెలియని తర్వాతి తరం దాన్ని ఎప్పుడో పారేసి ఉంటుంది. దిమ్మ లేకపోయినా, చెక్క పిడి మార్చినా, గొళ్లెం విరిగినా ధర దిగుతుంది. పోత ఇనుము గట్టిదే కానీ పెళుసు. కింద పడితే సొట్ట పడదు, పగులుతుంది. వెల్డింగ్ కూడా సులువుగా పట్టదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు పెట్టెను కూడా కొట్టి వింటారు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే ఎక్కడో సన్నని పగులు ఉందని అనుమానించాలి.

ఇక నకళ్ల సంగతి. పాత పెట్టెను అచ్చుగా పెట్టి ఇసుకలో పోస్తే కొత్తది తయారవుతుంది. ఉప్పునీళ్లు చల్లి నెల రోజులు బయట పడేస్తే 'తాతల నాటిది' అయిపోతుంది. పట్టుకోవడం మరీ కష్టం కాదు. నిజంగా వాడిన పెట్టె అడుగు అద్దంలా నున్నగా అరిగి ఉంటుంది, అంచులు మొద్దుబారి ఉంటాయి. నకలుకు ఒళ్లంతా ఇసుక గరుకు, ఒకే రంగు నారింజ తుప్పు, గ్రైండింగ్ మెషిన్ తిరిగిన గీతలు ఉంటాయి. పిడి చేయి పట్టే చోట అరగదు. అన్నిటికన్నా పెద్ద సాక్షి స్క్రూ. నాలుగు పలకల స్టార్ స్క్రూ లోకం మీద వాడకంలోకి వచ్చింది 1930లలో. బ్రిటిష్ దొర బంగళాలో 1850లో వాడారని చెప్పే పెట్టెకు ఆ స్క్రూ ఉంటే దొరను గౌరవంగా సాగనంపేయొచ్చు. మూత గొళ్లెం మీద కోడిపుంజు బొమ్మ ఉన్న పెట్టెల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇండోనేషియాలో ఆ కోడిపుంజు బాగా ప్రసిద్ధి. అసలువి ఉన్నాయి, అలంకారానికి పోసినవీ లెక్కలేనన్ని ఉన్నాయి.

కొన్న తర్వాత చేసే నష్టం ఇంకా పెద్దది. తుప్పు కనిపించగానే ఇసుక కొట్టించి, నల్ల పెయింటో బంగారు రంగు స్ప్రేనో కొట్టి, హాల్లో టీపాయ్ మీద పెట్టేస్తారు. ఇసుక కొట్టిన ఇనుము మీద పాత అరుగుదల పోతుంది, అచ్చు అక్షరాలు మొద్దుబారుతాయి. ఆ తర్వాత అసలుకూ నకలుకూ తేడా చెప్పడం కష్టం. సన్నని స్టీల్ పీచు, కాస్త నూనె, ఓపిక, చివర్లో పలచగా మైనం సరిపోతాయి. తుప్పు పెరగకుండా ఆపితే చాలు, మిగిలిన మరకను అలా ఉండనివ్వాలి. కొన్నిటితో ప్రమాదం కూడా ఉంది. 1900లో పేటెంటు పొందిన ఒక అమెరికన్ రకంలో పిడి కింది గుల్లకు లోపల ఆస్బెస్టాస్ పరిచేవారు. ఆ రోజుల్లో అది గొప్ప సుగుణమని పేరులోనే చాటుకున్నారు. దాన్ని గీకి శుభ్రం చేయడం ఊపిరితిత్తులతో చెలగాటం. కోల్‌మన్ కంపెనీ తెచ్చిన నీలం ఎనామెల్ పెట్టెలకు వెనక పెట్రోలు డబ్బా ఉంటుంది. అవి చూడటానికి ముచ్చటగా ఉంటాయి, వెలిగించి చూడాలన్న సరదా మాత్రం మానుకోవాలి.

నిప్పుతో బట్ట సాపు చేయడం ఐరోపా సొత్తేమీ కాదు. బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో 12వ శతాబ్దపు చైనా చిత్రం ఒకటి ఉంది. కొత్తగా నేసిన పట్టును ఆడవాళ్లు రెండు పక్కలా సాగదీసి పట్టుకుంటే, ఒకామె నిప్పులు పోసిన పిడి గిన్నెను దాని మీద జరుపుతోంది. ఒక చిన్నపిల్ల ఆ బట్ట కింద దూరి ఆడుకుంటోంది.

తెలుగు ఊళ్లలో ఇది నిన్నమొన్నటి సంగతి. కొన్నిచోట్ల ఇవాళ్టిది కూడా. ఐదారు కిలోల పైనే బరువున్న బొగ్గుల పెట్టె, పక్కన నీళ్ల చెంబు, నాలుగు పొరల పాత దుప్పటి పరిచిన బండి. కొబ్బరి ఎక్కువగా ఉన్నచోట చిప్పల బొగ్గు, లేనిచోట కట్టె బొగ్గు. నిప్పు రాజుకోవడానికి పెట్టెను గాల్లో అటూ ఇటూ ఊపడం, వేడి తెలుసుకోవడానికి తడిగుడ్డ మీద ఒకసారి ఆనించడం, చొక్కా మీద బూడిద రవ్వ పడకుండా చూసుకోవడం ఆ వృత్తిలో పుట్టి పెరిగిన చేతులకే తెలుసు. ఆ పెట్టె పోతోందని ఏడవాల్సిన పని లేదు. రోజుకు పది గంటలు ఆ సెగ ముందు, ఆ పొగ పీల్చుతూ నిలబడ్డవాళ్లు దాన్ని వదిలించుకోవడం మంచిదే. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, దోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితమని ప్రభుత్వం ప్రకటించింది. గ్యాసుతో నడిచే పెట్టెలు కూడా నగరాల్లోకి వచ్చాయి. తమిళనాడులోని తిరువణ్ణామలైకి చెందిన వినీషా ఉమాశంకర్ అనే విద్యార్థిని, తమ వీధిలో ఇస్త్రీ బొగ్గులు చూసి, ఎండతో నడిచే బండిని రూపొందించింది. 2021లో ఎర్త్‌షాట్ బహుమతి తుది పోటీదాకా వెళ్లింది, గ్లాస్గో వాతావరణ సదస్సులో మాట్లాడింది. బొగ్గు పోవాలి, సందేహం లేదు.

పెట్టె మాత్రం పోకూడదు. పోతోంది, అదీ కిలోల లెక్కన. పాత ఇనుము కొనే బండివాడు కాటా మీద పెట్టి, చెక్క పిడి బరువు తీసేసి డబ్బు లెక్కపెడతాడు. ఇత్తడి పెట్టె అయితే ఇంట్లోవాళ్లు కాస్త ఆలోచిస్తారు, ఇత్తడి ధర ఎక్కువ కాబట్టి. పోత ఇనుము పెట్టెకు ఆ భాగ్యం లేదు. ఇది తుక్కు వ్యాపారి లెక్క. అతన్ని తప్పుపట్టలేం, అతని వ్యాపారం అది. విచిత్రం ఏమిటంటే హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ లాంటి చోట్ల అదే పెట్టెను కొని తెచ్చి, రంగు వేసి, 'వింటేజ్' హోటల్ గోడకు అమ్మేవాడు కూడా దాని గురించి అంతకన్నా ఎక్కువ తెలుసుకోడు. ఇత్తడి మెరుపు ఉంటే ఒక రేటు, లేకపోతే ఇంకో రేటు. అమ్మినవాడికి తుక్కు ధర, కొన్నవాడికి అలంకారం, మధ్యవాడికి లాభం. తెలిసి కొనే సేకర్త కూడా తెలియని ఇస్త్రీ మనిషికి తుక్కు ధరే చేతిలో పెట్టి వస్తే అది బేరంలో చాకచక్యం అనిపించుకోదు.

అమెరికా పెట్టె మీద కంపెనీ పేరు, పేటెంటు తేదీ పోతలోనే ఉంటాయి. ఎవరూ ఏమీ చెప్పకపోయినా అది తన ఊరూ పేరూ చెప్పుకుంటుంది. మన బొగ్గుల పెట్టెల్లో చాలావాటి మీద ఏమీ ఉండదు. మహా అయితే ఒక అంకె, అరిగిపోయిన రెండు అక్షరాలు. కాబట్టి మన పెట్టె విలువ ఇనుములో కన్నా దాన్ని వాడిన మనిషి జ్ఞాపకంలో ఎక్కువగా ఉంది. ఆ మనిషి ఉండగానే అడగాలి. ఏ ఊరి సంతలో కొన్నారు? తండ్రి కొన్నాడా, అత్తగారి వాటానా? పిడి ఎన్నిసార్లు మార్చారు, ఏ చెక్కతో? గొళ్లేన్ని ఏ కమ్మరి అతికాడు? పెళ్లిళ్ల సీజనులో రోజుకు ఎన్ని జతలు చేసేవారు, జతకు ఎంత తీసుకునేవారు? ఈ జవాబులు ఒక కాగితం మీద రాసి, వాళ్లు ఇష్టపడితే పేరుతో సహా, ఒక ఫొటో కలిపి పెట్టె దగ్గర ఉంచితే ఆ పెట్టె నకలు తీయడానికి లొంగదు. వేలంపాటల లోకంలో ఇలాంటి చరిత్ర ఉన్న వస్తువుకు అదనపు ధర ఎప్పుడూ ఉంది. ధర సంగతి పక్కన పెట్టినా, ప్రతి జిల్లా కేంద్రంలో ఒక గదైనా ఇలాంటి పనిముట్లకు కేటాయించి, రజక సంఘాల పెద్దల చేత వాటి వివరాలు రాయించడం ప్రభుత్వాలకు పెద్ద ఖర్చు కాదు.

పాత పెట్టె దొరికి, దాన్ని డాలస్‌కో న్యూజెర్సీకో పట్టుకెళ్దామనుకునే తెలుగువాళ్లు ఒక చట్టం తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువుకు నూరేళ్లు నిండితే దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పురావస్తువుల వ్యాపారానికి కూడా లైసెన్సు కావాలి. తాత వాడిన పెట్టె ఆ నిర్వచనంలోకి వస్తుందో రాదో విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారితో వాదించడం కన్నా, అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి ముందే పత్రం తెచ్చుకోవడం మేలు. పత్రం వచ్చినా ఇంకో సమస్య మిగులుతుంది. 23 కిలోల సూట్‌కేసులో ఆరేడు కిలోలు ఇస్త్రీ పెట్టే తినేస్తే ఆవకాయ జాడీకి చోటు ఎక్కడిదని ఇంట్లో నిలదీస్తారు. ఆ పంచాయతీ తీర్చే పత్రం ఏ ఆఫీసూ ఇవ్వదు.