రోగి మాట వైద్యునకు చేరవలయును

చోరనూరు ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములకు కన్నడము పరాయిభాష కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరగా, సండూరుతో కూడ తక్కిన బళ్లారి తాలూకాలు మైసూరున చేరినవి. అంతకు పూర్వమునుండియు సంతలోను కచేరిలోను మనము కన్నడము పలుకుచునే యున్నాము. అయినను సంతకు చాలిన భాష వ్యాధిని చెప్పుకొనుటకు చాలదు. ఇల్లు కదలని మన వృద్ధస్త్రీలు బాధ కలిగినపుడు తెలుగుననే మూల్గుదురు.

రెండు భాషలకును గల పోలికయే ఒక్కొక్కమారు మోసము చేయును. కన్నడమున "ఊట" యనగా భోజనము. మనకది చెలమలో నూరు నీరు. వారికి "తిండి" యనగా ఉదయపు ఫలాహారము. మనకు ఏ పూట తినునదియైనను తిండియే. ఫలాహారమునకు ముందు ఒక్కటి యని వైద్యుడు చెప్పిన చక్కెరవ్యాధి మాత్రను, ప్రతి తిండికి ముందని తలంచి మూడు పూటల మ్రింగినచో, రక్తమున చక్కెర పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. నొప్పి వేరు, నొప్పులు వేరు. ఈ భేదము దుబాసికి తెలియనిచో గర్భిణి గతి యేమి?

బడి మాన్పించి పదేండ్ల మనుమరాలిని దుబాసిగా తోడ్కొనిపోవు అలవాటు మనలో నున్నది. బిడ్డ యెదుట అవ్వ తన గుప్తరోగమును చెప్పునా? చెప్పినను ఆ పసిది దానిని వైద్యునకు తెలుపగలదా? అమెరికాలో 2010 నాటి ఆరోగ్యచట్టము క్రింది నియమములు అత్యవసరమున దప్ప బాలలను దుబాసులుగా వాడరాదని శాసించుచున్నవి. మన రాజ్యాంగపు 350వ అధికరణము కష్టనివారణకై మన భాషలో విజ్ఞాపన మిచ్చుకొను హక్కు నిచ్చినది. కాని వైద్యుని బల్ల యెదుట దుబాసిని అది కల్పింపదు. ఆ లోటును మనమే పూరించుకొనవలయును.

కావున పాఠకులకు మా మనవి. ఉభయభాషలు నేర్చిన పెద్దవారినే, స్త్రీలకు స్త్రీలనే, వెంట గొనిపోవుడు. దుబాసి రోగి మాటను కుదింపక, తన సలహాను చేర్పక, ఉన్నదున్నట్లు చెప్పవలయును. వైద్యుడు రోగిని చూచి మాటలాడునట్లు కోరవలయును. వాడుచున్న మందులన్నియు వెంట నుండవలయును. లేచిరాకమునుపు ఏ మందు, ఎన్ని, ఎప్పుడు అనునది రోగియే తిరిగి చెప్పగా, దుబాసి దానిని వైద్యునకు వినిపించి సరిచూచుకొనవలయును. పిదప తెలుగున వ్రాసి యుంచుకొనవలయును.

ఈ సేవకు నెలకొక దినము వెచ్చింపగల యువతీయువకులు తమ పేర్లను సంఘమునకు తెలుపుదురుగాక. విరాళముకంటె ఇది మిన్న.