దుబాయ్‌ వ్యాపారానికీ పన్ను లెక్క

కరీంనగర్‌, జగిత్యాల, నిజామాబాద్‌ జిల్లాల నుంచి ఉపాధికి వెళ్లి దుబాయ్‌లో సొంత కంపెనీ పెట్టుకున్నవారు ‘అక్కడ పన్ను లేదు’ అన్న పాత మాటను ఇక నమ్ముకోరాదు. యూఏఈ 2018లో 5 శాతం వ్యాట్‌ తెచ్చింది. 2023 జూన్‌ 1 నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకు కంపెనీల లాభాలపైనా పన్ను విధించింది. ఏడాదికి 3.75 లక్షల దిర్హమ్‌లు దాటిన లాభంపై 9 శాతం చెల్లించాలి. జీతాలకు ఈ పన్ను లేదు.

చిక్కంతా నమోదు వద్దనే ఉంది. లాభం ఆ పరిమితికి చేరకపోయినా కంపెనీకి నమోదు, రిటర్ను తప్పవు. నమోదులో ఆలస్యానికి 10 వేల దిర్హమ్‌ల జరిమానా ఉంది. చిన్న వ్యాపారికి పన్ను కన్నా ఈ జరిమానాయే భారం. రాబడి 30 లక్షల దిర్హమ్‌లు మించని వ్యాపారాలకు 2026 డిసెంబరు 31 నాటికి ముగిసే సంవత్సరాల వరకు ఊరట కల్పించినా, రిటర్నులో కోరినవారికే అది వర్తిస్తుంది. అడగనివారికి దక్కదు.