రాయి వాపస్ పంపితే సరిపోదు

హవాయిలోని అగ్నిపర్వతాల నేషనల్ పార్కుకి దేశదేశాల నుంచి పార్సిళ్లు వస్తుంటాయి. లోపల లావా రాళ్లు, పక్కన ఒక మాఫీనామా. ఈ రాయి ఇంటికి తెచ్చుకున్న రోజు నుంచి నుక్సానే, దయచేసి దాని జాగాలో దాన్ని పెట్టెయ్యండి అని మతలబు. పేలే దేవత బద్దువా తగిలిందని వాళ్ల ఖౌఫ్. తమాషా ఏమిటంటే ఈ బద్దువా కిస్సా హవాయి వాళ్ల పాత నమ్మకం కాదు. ఇరవయ్యో శతాబ్దంలో టూరిస్టుల నోళ్లలో పెరిగింది. అక్కడివాళ్ల మాట సీదా: కిలౌయేయా కొండలోని హలేమౌమౌ బిలం పేలే ఇల్లు. ఒకరింట్లో సామాను అడక్కుండా ఎత్తుకొస్తామా?

ఖౌఫ్ తో వాపస్ చేసేది అదబ్ కాదని నా ఖయాల్. హవాయి భాషలో కులియానా అని ఒక లఫ్జ్ ఉంది. హక్కు, జిమ్మేదారీ రెండూ అదే. మనం రెండు మాటలుగా విడగొట్టుకుని మొదటిదే గుర్తుపెట్టుకున్నాం! చోటులోకి అడుగుపెట్టే ముందు వాళ్లు ఓలి పాడి ఇజాజత్ అడుగుతారు. కంచె మీద 'కపు' అని రాసుంటే లోపలికి రావద్దని. మెడలో వేసిన పూల లేయిని కాదనకూడదు, వేసినవాళ్ల ముందే తీసేయకూడదు. ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలి. ఇందులో మనకు కొత్తదేముంది?

తౌహీద్ నమ్మేవాడికి ఈ ఎహతెరామ్ దేనికి అని మనవాళ్లు కొందరు సవాల్ వేస్తారు. భాయ్, ఇబాదత్ వేరు, ఎహతెరామ్ వేరు. పరాయివాళ్లు కొలిచేవాటిని దూషించొద్దని సూరా అన్ఆమ్ లోనే ఉంది. పేలేకి సజ్దా చెయ్యమని మనల్ని ఎవరూ అడగలేదు. ఆమె గుమ్మంలో రాళ్లు దొంతులు పేర్చి సెల్ఫీ దిగొద్దంటున్నారు, అంతే.

మావుయి దీవిలో హోనోకహువా అనే చోట 1980లలో హోటల్ కోసం ఇసుక తవ్వితే పూర్వీకుల ఎముకలు వందల్లో బయటపడ్డాయి. జనం రోడ్డెక్కారు. తవ్వకం ఆగింది, ఎముకల్ని మళ్లీ అక్కడే దఫన్ చేశారు, హోటల్ సముద్రానికి దూరంగా జరిగింది. ఖబ్రస్తాన్ల హద్దురాళ్లు రాత్రికి రాత్రి మాయమయ్యే మన ఊళ్లలో ఉన్నవాళ్లకి ఆ దర్ద్ తర్జుమా చేసి చెప్పక్కర్లేదు.

ఇక మౌనా కేయా. సుమారు 4,200 మీటర్ల ఆ శిఖరం వాళ్లకి ముఖద్దస్. దాని మీద ఇప్పటికే చాలా టెలిస్కోపులున్నాయి. ఇంకా పెద్దది, 30 మీటర్ల అద్దంతో కడతామంటే 2019 జూలైలో ముసలీముతకా కుర్చీలేసుకుని దారికి అడ్డంగా కూర్చున్నారు. పోలీసులు ఆ బుజుర్గుల్ని గిరఫ్తార్ చేశారు. సైన్సుకు నేను దుష్మన్ ని కాను. కానీ ఆ టెలిస్కోపులో మన హిందుస్తాన్ కూడా హిస్సేదార్. అంటే అందులో మీ నా టాక్సు రూపాయి ఉంది. ఆ బుజుర్గుల ఇజాజత్ గురించి మన పార్లమెంటులోగానీ, నేను పనిచేసే ఈ పత్రికల లోకంలోగానీ ఎంత బహస్ జరిగిందో మీరే చెప్పండి.