జైలు గేటు ముందు ఎవరి జీపు?

శిక్ష ముగించుకొని ఒక మనిషి కడప కేంద్ర కారాగారం గేటు దాటి బయటికొస్తాడు. చేతిలో గుడ్డసంచి, జేబులో జైలు కూలీ డబ్బులు నాలుగు. అతని కోసం గేటు ముందు ఎవరు నిలబడి ఉన్నారు? ప్రభుత్వం తరఫున ఎవరూ లేరు. పని ఇచ్చేవాడు లేడు. ఫ్యాక్షన్ పల్లె నుంచి పోయినవాడైతే మాత్రం పాత నాయకుని జీపు ఉంటుంది. "రారా, నేనున్నా కదా" అనే మాట ఉంటుంది. ఆ జీపు ఎక్కినవాడు మళ్లీ ఆ గేటుకే చేరతాడు.

జైల్లో పని నేర్పడం లేదా అంటే, నేర్పుతున్నారు. వడ్రంగం, నేత, కుట్టుపని ఉన్నాయి. అనంతపురం దగ్గర రెడ్డిపల్లి ఓపెన్ ఎయిర్ జైలులో సేద్యం చేయిస్తారు. జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో ఖైదీలే పని చేస్తున్నారు. ఖైదీ శ్రమకు న్యాయమైన కూలీ ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. చిక్కంతా బయటికొచ్చాకే. షాపు యజమాని అడిగే మొదటి ప్రశ్న "ఈ పని యాడ నేర్చినావు?" నిజం చెబితే పని రాదు. అబద్ధం చెబితే బయటపడిన రోజు పోతుంది.

అదే నాయకుల సంగతి చూడండి. రెండేళ్లు, ఆపైన శిక్ష పడిన ప్రజాప్రతినిధి అనర్హుడు. కానీ విడుదలైన ఆరేళ్లకు మళ్లీ పోటీ చేయొచ్చని ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. అంటే నాయకుని మచ్చ ఆరేళ్లలో మాసిపోతుంది. అతని మాట విని కత్తి పట్టి జైలుకు పోయిన పేదోడికి అటెండరు ఉద్యోగానికైనా ఇలాంటి గడువు ఉందా? ఎమ్మెల్యేకు ఉన్న మాఫీ అటెండరుకు ఎందుకు లేదని పాలకులను అడుగుతున్నాం.

పని నేర్పి ముద్ర మాత్రం అలాగే ఉంచడం ఈ నేలకు కొత్త కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని తెల్లదొరలు 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. ఎరుకల వంటి కులాలను పుట్టుకతోనే దొంగలన్నారు. గుంటూరు సీమలో స్టువర్టుపురం, మన ఆత్మకూరు దగ్గర సిద్ధాపురం వంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేయించుకున్నారు. సేద్యం నేర్పారు, ఫ్యాక్టరీ పనికి పంపారు. చట్టం 1952లో రద్దయింది. స్టువర్టుపురం పేరు చెబితే ఇవాళ్టికీ జనం నోట వచ్చే మాట ఏమిటో మనందరికీ తెలుసు.

ఇది మనకెందుకులే అని విద్యార్థులు, ఉద్యోగులు అనుకోవద్దు. రాస్తారోకోలో కూర్చున్నందుకు, బంద్‌లో నినాదం ఇచ్చినందుకు కేసులు మోస్తున్న పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి చిన్న కేసులను అధికారులు పట్టించుకోకుండా వదిలేయవచ్చని అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కేసు ఉందా అని ఫారంలో అడిగితే నిజమే రాయాలని కూడా చెప్పింది. దాచిపెట్టి చిక్కుకోవద్దు. ప్రొబేషన్ చట్టం కింద విడుదలైనవారికి శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదని 1958 నుంచీ రాసి ఉంది. ఈ సంగతి ఎందరికి తెలుసు?

మరి చచ్చినవాని భార్యాబిడ్డల గతేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వారికి పరిహారం, పిల్లల చదువు ప్రభుత్వం బాధ్యతే. కానీ చంపినవాడు పని లేక మళ్లీ జీపు ఎక్కితే ఇంకో ఆడబిడ్డ తాళి తెగుతుంది. ఆ తల్లికి కావలసింది అది కాదు.

అందుకే మేం మూడు సంగతులు అడుగుతున్నాం. ఒకటి, సీమలో దొరికే పనే నేర్పండి. బేతంచెర్ల నాపరాళ్ల పాలిష్ యంత్రాలు, బోరు మోటార్ల వైండింగు, ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కులో కరెంటు పని. సర్టిఫికెట్ మీద ఐటీఐ పేరు ఉండాలి, జైలు పేరు కాదు. రెండు, ఇంగ్లండులో 1974 నుంచి ఉన్నట్టు, చాలా నేరాలకు నిర్ణీత గడువు దాటాక పాత శిక్ష చెప్పనక్కర్లేదనే చట్టం తేవాలి. ఏ నేరం చేసినవారిని ఏ పనికి తీసుకోకూడదో అందులోనే రాయాలి. మూడు, విడుదల రోజునే చేతికి పని కాగితం ఇవ్వాలి. విడుదలైనవారిని తెలంగాణ జైళ్ల శాఖ తన పెట్రోలు బంకుల్లోనే పనికి పెట్టుకుంది. అక్కడ అయింది ఇక్కడ ఎందుకు కాదు?

ప్రభుత్వ జీపు ఆ గేటు దగ్గరికి ఎప్పుడు వస్తుందో తెలియదు. నాయకుని జీపు మాత్రం పొద్దున్నే వచ్చి నిలబడుతుంది.